కిలో లెక్కన వచ్చిన మాట

ఎనిమిదో తరగతి సగంలో నేను బడి మానేశాను. మిగతా సగం ఇంకా అక్కడే ఉన్నట్టుంది, తీసుకుపొమ్మని ఎవరూ కబురు చేయలేదు. ఆ తర్వాత నా చదువంతా తక్కెడ దగ్గరే సాగింది. హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్టుకు పోయే దారిలో పాత పేపర్ల అంగడి పెట్టాను. ఊళ్లో పెద్దమనుషులు నెల చందా కట్టి పేపరు తెప్పించుకుని, చదివామనిపించుకుని, నాకు కిలో లెక్కన వేసేవాళ్లు. నేను దాన్ని పట్టుపురుగులు పెంచే రైతులకు అమ్మేవాణ్ణి. పురుగుల కింద పరచడానికి వాళ్లకు పేపరు కావాలి. మా చుట్టుపక్కల ఆ పురుగులకన్నా ఎక్కువ వార్తల మీద పడుకున్న ప్రాణి లేదు.

తొంభైల్లోనే నాకొక సంగతి తెలిసింది. పేపరు మొత్తం ఎవరికీ అక్కరలేదు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క కావాలి. ఒకరికి పదో తరగతి ఫలితాల పేజీ. ఒకరికి పోయిన మామ ఫోటో వేసిన మూల. ఇంకొకరికి ఫలానా భూమి మీద ఎవరికైనా అభ్యంతరాలుంటే చెప్పుకోమని లాయరు వేయించిన ప్రకటన. ఇలాంటివాళ్లు చందా కట్టరు. నా అంగడికొచ్చి, "పోయిన మంగళవారం పేపరు ఉండాదా అప్పా" అని అడుగుతారు. వాళ్లకోసం ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఫలితాల పేజీకి, పిల్లోడు పాసైతే వాళ్లు నాకు టీ ఇప్పించాలి, ఫెయిలైతే నేను వాళ్లకు ఇప్పిస్తాను. చావు ఫోటోకు ఏమీ లేదు. లాయరు ప్రకటన కావాలన్నవాళ్లు మాత్రం ముందే ఇచ్చేయాలి, చదివాక వాళ్లు ఇచ్చే స్థితిలో ఉండరు. కటింగ్ షాపు అతను సినిమా పేజీలు తీసుకుని నాకు క్షవరం చేసేవాడు. సినిమాలు ఎక్కువగా వచ్చిన ఏడాది నా తలమీద వెంట్రుక నిలవలేదు.

ఇదంతా ఒక విద్య అని నాకు తెలియదు. కొన్నేళ్ల తర్వాత మా బావ వల్ల తెలిసింది.

బావంటే మా అక్క మొగుడు. ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. మగ్గం ఆయనదే, ఇంట్లోనే గుంటలో ఉంటుంది. దానిమీదికి కావలసిన పట్టు మాత్రం సావుకారు ఇవ్వాలి. రెండుమూడు చీరలకు సరిపడా నిలువు పోగులు సాగదీసి చుట్టి ఇస్తారు, దాన్ని వార్పు అంటారు. వార్పు ఇస్తే మగ్గం నడుస్తుంది, మగ్గం నడిస్తే పొయ్యి వెలుగుతుంది. ఇవ్వకపోతే ఆ గుంట మిగతా గుంటల్లాంటిదే.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే మనుషుల జేబుల్లోకి వస్తున్న రోజుల్లో, ఏదో దేశం నుంచి ఒక దొరసాని కెమెరా తగిలించుకుని ధర్మవరం వచ్చింది. పట్టు గురించి వాళ్ల పేపర్లో రాయాలట. వెంట తెలుగు తెలిసిన మనిషి ఉన్నాడు. మా బావ ఇంట్లో మూడు గంటలు కూర్చుంది. మా బావ చేతుల ఫోటో తీసుకుంది. ముఖం వద్దనుకుంది, ఆ ఒక్కదానితోనే ఆమెకు పని తెలుసని నాకు నమ్మకం కుదిరింది. బావ మూడు గంటలూ మాట్లాడాడు. ఇంట్లో ఆయన మాట వినేవాళ్లు లేరు, విదేశం నుంచి వచ్చి మరీ వింటుంటే ఎవరు ఆపుకుంటారు.

కొన్నాళ్లకు అది కంప్యూటర్లో వచ్చింది. బెంగుళూరులో చదువుతున్న సావుకారు కొడుకు చూసి ఇంటికి చెప్పాడు. చెప్పింది రెండు వాక్యాలే. అంతకన్నా వాడికీ కనబడలేదు. "ధర్మవరంలో మగ్గం గుంటలో కూర్చున్న ఒక నేతగాడు తన సావుకారు గురించి మాకొక మాట చెప్పాడు. ఆ మాట ఏమిటంటే." అక్కడితో సరి. కింద బూడిద రంగు పెట్టెలో, మిగతాది చందాదారులకు అని రాసి ఉంది.

సావుకారు మా బావను పిలిపించాడు.

"ఏమన్నావప్పా నన్ను?"

"గుర్తులేదు సావుకారూ."

"మంచి మాటైతే గుర్తుంటాది."

ఆ వెంటే సావుకారు తీర్పు కూడా చెప్పేశాడు. "ఆ మాట ఏందో తేలేదాకా నీకు వార్పు లేదు."

బావ మరుసటి రోజు రైలెక్కి హిందూపురం వచ్చాడు. పేపర్లకు సంబంధించిన కష్టం కాబట్టి నాకు చెప్పుకోవాలని మా అక్క పంపింది. ఆయన్ని నెట్ సెంటరుకు తీసుకుపోయాను. దాన్ని నడిపే అతను ఇంగ్లీషు బాగా చదువుతాడు. ఆ పేజీ తెరిచి చూపించాడు. పైన ఆ పేపరు పేరు పెద్ద అక్షరాల్లో వంకీలు తిరిగి ఉంది. దాని కింద రెండు వాక్యాలు, పెట్టె. ఫోటో కూడా పెట్టె వెనకాలే ఉందట.

"ఏడాది చందా కట్టల్ల అన్నా. డాలర్లలో. దానికి వేరే కార్డు ఉండల్ల," అన్నాడు నెట్ సెంటరతను.

బావ తెరవైపు చాలాసేపు చూశాడు. "ఏడాదంతా వాళ్ల పేపరు నాకెందుకప్పా? ఆడ వాన పడితే నాకేమి, పడకుంటే నాకేమి. నా ముక్క నాకిస్తే చాలు. ఆ ఒక్కటి అమ్మరా?"

"అమ్మరన్నా."

"సగం?"

"సగం ఊరికే ఇచ్చినారు గదా."

"అది పనికిరాని సగం," అన్నాడు బావ. "అయినా ఆ మాట నాది. నా మాట నేను వినేదానికి చందా ఏంది?"

"నువ్వు ఊరికే ఇచ్చినావు బావా," అన్నాను. "అప్పుడే కిలో లెక్కన వేసింటే ఈ బాధ ఉండకపోను."

ఏ మాట అన్నాడో గుర్తు తెచ్చుకోమని నేను చాలా రకాలుగా అడిగాను. ఆయనకు గుర్తున్నవి మూడే: దొరసాని కాఫీలో చక్కెర వద్దంది, మధ్యలో కరెంటు పోయింది, వెళ్లేటప్పుడు మా అక్కను నవ్వమంటే మా అక్క నవ్వలేదు.

ఆ వారం నా విద్యనంతా బయటికి తీశాను. మొదట చీటీ వేద్దామన్నాను. పన్నెండు మంది కలిసి ఏడాది చందా కడితే తలా ఒక నెల చదువుకోవచ్చు. బావ వీధిలో అందరికీ ఆ మాట ఏమిటో తెలుసుకోవాలని ఉంది, కాబట్టి మొదటి నెలకు పోటీ వచ్చింది. రెండో నెల కావాలన్నవాడు ఒక్కడూ లేడు. పైగా దుడ్డు పోగైనా దాన్ని తీసుకునే చెయ్యి ఈ దేశంలో లేదు. కార్డు కావాలి. ఆ వీధిలో ఉన్న కార్డులన్నీ రేషనువి.

తర్వాత నెట్ సెంటరతని చేత ఆ పేపరుకు ఉత్తరం రాయించాను. మాకు ఏడాది వద్దు, ఒక్క ముక్క చాలు, తగిన ధర చెప్పండి, లేదా బదులుగా పట్టు చేతిరుమాళ్లు రెండు పంపిస్తాము అని. మరుసటి రోజే జవాబు వచ్చింది. మీ ఆసక్తికి సంతోషం, ఏడాది చందాలో మొదటి నెల తగ్గింపు ఇస్తాము. మళ్లీ రాశాం. రెండు నెలలు తగ్గింపు ఇస్తామన్నారు. ముక్క అడిగిన ప్రతిసారీ మొత్తం ఇస్తామనేవాళ్లు. పిసినారులని మాత్రం అనలేం.

చివరికి నేనే సావుకారు దగ్గరికి పోయాను. కొడుకు దగ్గర కార్డు ఉండే ఉంటుంది, చందా మీరే కట్టేస్తే గొడవ తీరిపోతుంది గదా అన్నాను.

సావుకారు తొందరపడే మనిషి కాదు. వక్కపలుకు ఒకటి నోట్లో వేసుకుని చెప్పాడు. "నన్ను తిట్టింటే, ఆ తిట్టును దుడ్డు పెట్టి కొనుక్కోవల్లనా? పొగిడింటే, మీరే మోసుకొస్తారు."

ఆ లెక్కలో నాకు ఎక్కడా తప్పు దొరకలేదు. లేచి వచ్చేశాను.

మూడు నెలలు గడిచాయి. బావ ఎవరి మగ్గం దగ్గర మనిషి రాకపోతే అక్కడికి దినకూలికి పోయాడు. మా అక్క వేరేవాళ్ల ఇళ్లలో పట్టుపోగు కండెలకు చుట్టింది. ఒకసారి చూసి వద్దామని ధర్మవరం పోతే, మగ్గం గుంటలో ఎర్రగడ్డలు పోసి ఉన్నాయి.

"చల్లగుంటాది గదా, చెడిపోవు," అంది మా అక్క.

నేను ఒక ఉల్లిగడ్డ తీసుకుని వాసన చూసి మళ్లీ గుంటలో వేశాను.

ఇక్కడ నా వ్యాపారం గురించి ఇంకొక సంగతి చెప్పాలి. పాత పేపర్లు మన ఊళ్లవే కాదు, వేరే దేశాలవి కూడా వస్తాయి. అక్కడివాళ్లు చదివి పారేసినవి బేళ్లు కట్టి ఓడ ఎక్కిస్తారు. బెంగుళూరు పాత సామాను మార్కెట్టులో దిగి, అక్కడి నుంచి లారీలో నా దాకా వస్తాయి. కాగితం మందం, ఇంకు చేతికి అంటదు, పురుగుల రైతులకు అదంటే ఇష్టం. ఏ దేశానిదో నేను చూసేవాణ్ణి కాదు. పురుగులూ అడిగేవి కావు.

ఒక రోజు బావ మధ్యాహ్నం అంగడికొచ్చాడు. కూలి దొరకని రోజు. కూర్చోడానికి చోటు లేక ఒక బేలు మీద కూర్చోబోయి, కూర్చోకుండా ఆగిపోయాడు.

"ఈ డిజైను నేను చూసినాను," అన్నాడు.

బేలు పైన ఉన్న పేపరు పేరు. వంకీలు తిరిగిన అక్షరాలు. బావకు ఇంగ్లీషులో ఒక్క అక్షరం రాదు. కానీ కొంగు మీద వేసిన పువ్వును పదేళ్ల తర్వాత చూసినా ఎవరు నేసిందో చెప్పే కన్ను ఆయనది. నెట్ సెంటరులో ఆ పేరును కూడా అలాగే చూసి పెట్టుకున్నాడు. నేను ఎనిమిదో తరగతి సగం చదివినవాణ్ణి, రెండు రోజులుగా ఆ బేలు పక్కనే అన్నం తింటున్నాను.

ఏడాదికి తక్కువైతే అమ్మేది లేదన్న పేపరు, కిలో లెక్కన నా అంగడికొచ్చి కూర్చుంది.

బేలు మొత్తం విప్పాం. ఇద్దరం నేలమీద కూర్చుని ఒక్కో పేజీ తిప్పాం. చాలా దేశాల మంత్రులు, చాలా కార్లు, కుక్కలకు పెట్టే బిస్కెట్ల ప్రకటనలు. చీకటి పడేదాకా వెతికినా బావ చేతులు దొరకలేదు.

"చేతులంటే ఎట్లుంటాయి, ఫోటోలో?" అని అడిగాను.

"అడ్డపోగు వేసే నాడె పట్టుకుని ఉంటాయి. ఎడమచేతి బొటనవేలు గోరు చీలింటాది," అని వేలు చూపించాడు. చిన్నప్పుడు మగ్గంలో నలిగిన గోరు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. మొన్న ఈ బేల్లోంచే ఒక ఆయమ్మకు ఎనిమిది కిలోలు తూకం వేశాను. పైన ఉన్న పేజీలో రెండు చేతులు, ఒక నాడె, చీలిన గోరు. చూశాను. తక్కెడలో వేశాను.

బావకు చెప్పాను.

"నా చెయ్యి నువ్వు గుర్తుపట్టలేదా?"

"ఎప్పుడు చూసినా నీ చెయ్యి అన్నంలో ఉంటాది బావా. పని చేస్తాంటే ఎవరిదో అనుకున్నా."

ఆయమ్మది పెనుకొండ దాటినాక లోపలికి పోయే పల్లె. వితంతువు, ఒక్కతే తోట, పురుగులు చూసుకుంటుంది. మరుసటి పొద్దున బస్సు దిగి నడిచి పోయేసరికి పురుగుల ఇంటి వాకిట్లో నిలబడి ఉంది. మేం గడప దగ్గరికి రాకముందే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆడనే నిలబడండి. రేష్మింట్లోకి బయటోళ్లు రాగూడదు. ఎవురప్పా ఈయన, ఇంత వాసన నూనె పెట్టుకున్యాడు?"

బావ తల తడుముకున్నాడు. విషయం చెప్పాను. మొన్న తీసుకున్న పేపర్లలో ఒక పేజీ కావాలి, దానికి బదులు రెండు కిలోలు ఊరికే ఇస్తాను అన్నాను.

"అది పురుగుల కింద పరిచేసినా. నాలుగో జ్వరం లేచినాయి, ఇప్పుడు మేస్తాండాయి. కదిలిస్తే అలుగుతాయి. అలిగిన పురుగు గూడు సరిగ్గా కట్టదు." పురుగు పొర విడిచే ముందు మేత మాని పడుకోవడాన్నే జ్వరం అంటారు. నాలుగోది అయిపోతే ఇక తినడమే పని. "పండి, గూడు కట్టేదానికి చంద్రిక తట్ట ఎక్కల్లంటే నాలుగు దినాలు పడతాది. అప్పుడు తీసుకోండి."

"నాలుగు దినాలాగి వస్తామమ్మా," అన్నాను.

"వచ్చేదేంది. ఆకు కొయ్యడానికి కూలోళ్లు దొరకలా నాకు. మీ పేజీ మీకు కావల్లంటే కొడవలి తీసుకోండి."

ఒక్క ముక్కకు ధర చెప్పింది ఆమె ఒక్కతే. మేమిద్దరం ఒప్పుకున్నాం.

పట్టుపురుగు ఆఖరి దినాల్లో తిన్నట్టు పెళ్లివాళ్లు కూడా తినరు. పొద్దున కోసింది మధ్యాహ్నానికి లేదు. మోపులు మోసి మోసి నా మెడ పక్కకు తిరిగిపోయింది. మా బావ మల్బరీ కొమ్మను పోగు పట్టుకున్నట్టు సుతారంగా పట్టుకుని ఒక్కొక్కటే కోసేవాడు. ఆయమ్మ చూసి, "ఏమప్పా, కోస్తాండావా, నేస్తాండావా?" అంది.

"నేసేది నా పని," అన్నాడు బావ.

మూడో రోజు తలకు సీకాయ పెట్టించి, కాళ్లు కడిగించి, మమ్మల్ని లోపలికి రానిచ్చింది. అరల నిండా తెల్లటి పురుగులు. మాటలు లేకుండా ఒక పంక్తి మొత్తం విస్తళ్ల మీద తింటున్న చప్పుడు. బావ వంగి ఒక పురుగును చూశాడు. అది తల ఎత్తి ఈయన్ని చూసి మళ్లీ ఆకులోకి దిగింది.

"ముప్పై ఏండ్లు నేసినా. ఇదేనా?" అన్నాడు.

"నేను పట్టుచీర కట్టింది లేదు, నువ్వు పురుగును చూసింది లేదు," అంది ఆయమ్మ. "సరిపాయె."

అయిదో రోజు పురుగులు పండాయి. ఒళ్లు పసుపు తిరిగి, తల ఆడిస్తుంటే ఏరి చంద్రికల మీద వేశాం. చివరగా ఆయమ్మ అరల్లో మిగిలిన ఈనెలూ పెంటికలూ దులిపి, పేపర్లు ఒక్కొక్కటీ బయట పరిచింది. ఏడో అరలో మా బావ చేతులు ఉన్నాయి. చుట్టూ ఆకుపచ్చ మరకలు. అక్షరాలు చాలావరకు బతికే ఉన్నాయి.

"ఏం రాసిండాదో నాకు వచ్చి చెప్పల్ల," అంది. "అది కూడా లెక్కలోదే."

హిందూపురం పోయి నెట్ సెంటరతని చేత చదివిద్దామన్నాను. బావ వద్దన్నాడు.

"ముందే తెలిస్తే నా ముఖంలో కనబడతాది. అన్న మాట ఏదో అన్నాను. సావుకారే చదవనీ, ఆయన బియ్యే."

పెనుకొండలో ధర్మవరం రైలెక్కాం. దారి పొడుగునా నేను నా సగం తరగతితో ఆ పేజీని తవ్వాను. ఫోటో పక్కనే హ్యాండ్స్ అని దొరికింది. ఇంకా కిందికి పోతే గాన్ అని దొరికింది. చేతులు, పోయినాయి. బావకు చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్పాను.

"ఎవరి చేతులు పోవల్లని అన్నానో," అన్నాడు. ఆ తర్వాత ధర్మవరం దాకా కిటికీలోంచి బయటికి చూశాడు.

స్టేషన్ నుంచి ఇంటికి పోయి, మా అక్కను కూడా పిలుచుకుని సావుకారు ఇంటికి పోయాం. సావుకారు కళ్లద్దాలు పెట్టుకుని పేజీ అందుకున్నాడు.

"ఏందప్పా ఈ కంపు?"

"పురుగుల కింద ఉండె సావుకారూ."

నిలబడే చదివాడు. సగంలో కూర్చున్నాడు. వక్కపలుకు నమలడం ఆగింది. మా అక్క గడప పట్టుకుని అడిగింది, "ఏమని ఉండాది?"

సావుకారు తెలుగు చేసి చదివాడు. "మా సావుకారు నాకంటే మంచి నేతగాడు. అంగడి పెట్టినంక ఆయన చేతులు పోయినాయి. ఇంతే ఉండాది. తర్వాత అంతా జరీ గురించి."

"నేనన్నట్టే ఉండాది," అన్నాడు బావ. అప్పుడు గుర్తొచ్చినట్టుంది.

నాకు ఇది పొగడ్తో తిట్టో తేలలేదు. సావుకారుకు కూడా తేలలేదని చూస్తే తెలుస్తోంది. పేజీని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"ఎవురి చేతులు పోయినాయబ్బా?" అన్నాడు.

ఆయన లేచి వెనక సాలలోకి నడిచాడు. అక్కడ మూడు మగ్గాలు నడుస్తున్నాయి. చివరి మగ్గం మీదున్న మనిషిని లేవమన్నాడు. తెల్లపంచె ఎగ్గట్టి, గుంజ పట్టుకుని, ముందు ఒక కాలు, కాసేపు ఆగి రెండో కాలు గుంటలోకి దించాడు. నాడె అందుకున్నాడు. మొదట చప్పుడు తప్పింది. తర్వాత కుదిరింది. మిగతా రెండు మగ్గాలూ ఆగిపోయాయి. నాలుగు వేళ్ల మేర నేశాడు. ఎంతసేపు పట్టిందంటే, మా అక్క గోడకు ఆనుకుని కూర్చుంది.

"ఎట్లుండాది?" అని మా బావను అడిగాడు.

నేను వెనక నుంచి బావ చొక్కా లాగాను. మూడు నెలలు, నాలుగు రోజుల ఆకు, గుంటలో ఎర్రగడ్డలు. బాగుండాది అంటే చాలు. ఆయన దేశాలు దాటించిన మాటలకన్నా ఇది చిన్నమాట.

బావ వంగాడు. చీలిన గోరును అంచు వెంబడి నడిపాడు. వెలుతురు వైపు తల తిప్పి చూశాడు. ఇంకోసారి నడిపాడు.

"కుడి అంచు బిగిసింది సావుకారూ," అన్నాడు. "పోగు మీద దెబ్బ ఒకటి గట్టిగా, ఒకటి మెత్తగా పడింది. విప్పల్ల."

మా అక్క కళ్లు మూసుకుంది.

సావుకారు గుంటలోనే ఉండిపోయాడు. కొంత ఆలోచన, కొంత మోకాళ్లు. తానూ ఒకసారి అంచును తడిమి చూసుకున్నాడు. తర్వాత చెయ్యి చాచాడు, మేమిద్దరం పట్టి పైకి లాగాం.

"అయితే విప్పు," అన్నాడు.

బావ దిగి కూర్చుని అడ్డపోగులు ఒక్కొక్కటే వెనక్కి తీశాడు. చుట్టడానికి మా అక్క కండె పట్టుకుంది. సావుకారు పక్కనే నిలబడి, ఆ నాలుగు వేళ్లూ పోయేదాకా చూశాడు. నేసినదానికంటే విప్పడానికే ఎక్కువసేపు పట్టింది. ఆఖరి పోగు వచ్చేశాక, "సాయంత్రం వచ్చి వార్పు తీసుకుపో," అని చెప్పి ముందుగదిలోకి పోయాడు. పేజీ మాత్రం తిరిగి ఇవ్వలేదు.

ఈ సంగతి ఆయమ్మకు చెప్పడానికి తర్వాతి పంటప్పుడు పెనుకొండ అవతలికి పోయాను. అంతా విని, బాగుండాది, ఇంకోసారి చెప్పు అంది. రెండోసారి చెబుతూ ఆకు కోశాను.

సావుకారు వార్పు ఇస్తానన్న రోజు, అది రాకముందే మా అక్క ఇంటికి పోయి గుంటలోంచి ఎర్రగడ్డలన్నీ ఎత్తింది. అవి పెట్టడానికి చోటు లేక సగం మూట కట్టి నాకిచ్చింది. హిందూపురం దాకా రైల్లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.